బైనాక్యులర్‌తో నీహారికలు, నక్షత్ర గుచ్ఛాలు, గెలాక్సీలు చూడటం: తరచుగా అడిగే ప్రశ్నలు

మామూలు బైనాక్యులర్‌లో నీహారికలు, గెలాక్సీలు నిజంగా కనిపిస్తాయా?

కనిపిస్తాయి. సౌరకుటుంబానికి ఆవల ఉండే నక్షత్ర గుచ్ఛాలు, నీహారికలు, గెలాక్సీలను కలిపి డీప్ స్కై వస్తువులని పిలుస్తారు. చీకటిలో పూర్తిగా విచ్చుకున్న కంటిపాప వ్యాసం 7 మిల్లీమీటర్లు అనుకుంటే, 50 మి.మీ. కటకం దానికంటే సుమారు 50 రెట్లు ఎక్కువ కాంతిని పోగుచేస్తుంది. అందువల్ల ఉత్త కంటికి 6వ మాగ్నిట్యూడ్ దగ్గర ఆగిపోయే చూపు, మంచి చీకటిలో 50 మి.మీ. బైనాక్యులర్‌తో 9 లేదా 10 మాగ్నిట్యూడ్ దాకా వెళ్తుంది. మాగ్నిట్యూడ్ అంకె పెరిగేకొద్దీ వస్తువు కాంతి తగ్గుతుంది.

ఫ్రెంచి ఖగోళవేత్త చార్లెస్ మెస్సియే 18వ శతాబ్దంలో తోకచుక్కల కోసం వెతుకుతూ, తోకచుక్కల్లా భ్రమింపజేసే మసక మచ్చలను ఒక జాబితాగా రాసి పెట్టుకున్నాడు. ఎం31, ఎం42 వంటి పేర్లలోని ‘ఎం’ ఆయన పేరులోని మొదటి అక్షరమే. నేడు 110 వస్తువులున్న ఆ జాబితాలో ఎక్కువ భాగం నిజమైన చీకటి కింద 10×50 బైనాక్యులర్‌కు అందుతుంది. అయితే ఫొటోల్లో చూసిన రంగులూ, సర్పిలాకార భుజాలూ కనిపిస్తాయని ఆశించి వెళ్లకూడదు. కనిపించేవి ఎక్కువగా బూడిదరంగు వెలుగు మరకలు, వాటి మధ్య చల్లినట్టుండే తారలు. ఆ మరకలో ఏముందో చదివి తెలుసుకున్నాక చూస్తే, ఆ వెలుగు మరకే ఎంతో సేపు కళ్లను నిలిపి ఉంచుతుంది.

టెలిస్కోపు కొనే స్తోమత లేనివాళ్లే బైనాక్యులర్‌తో సరిపెట్టుకోవాలా?

ఈ అభిప్రాయం సరైనది కాదు. కొన్ని వస్తువులను బైనాక్యులర్ చూపినంత చక్కగా పెద్ద టెలిస్కోపు చూపలేదు. కృత్తికలు ఆకాశంలో దాదాపు 2 డిగ్రీల మేర, అంటే నాలుగు పూర్ణచంద్రులను పక్కపక్కన పేర్చినంత వెడల్పున పరచుకుని ఉంటాయి. చాలా టెలిస్కోపుల దృశ్యక్షేత్రం ఒక డిగ్రీ లేదా అంతకు తక్కువ కాబట్టి, వాటిలో గుచ్ఛంలోని కొన్ని తారలే ఒకసారికి కనిపిస్తాయి, గుచ్ఛం మొత్తంగా కనిపించదు. 10×50 బైనాక్యులర్‌లో సుమారు 6 డిగ్రీల ఆకాశం ఒకేసారి కంటికి అందుతుంది కాబట్టి కృత్తికలు చుట్టూ నల్లటి ఖాళీతో సహా పూర్తిగా ఇమిడిపోతాయి.

రెండో సంగతి రెండు కళ్లు. రెండు కళ్లతో చూసినప్పుడు మెదడు రెండు సంకేతాలను కలుపుకుంటుంది కాబట్టి, ఒంటి కంటికి దొరకని మసక వెలుగు కూడా తెలుస్తుంది. పైగా బైనాక్యులర్‌లో బొమ్మ తలకిందులు కాదు. పటంలో ఎలా ఉందో ఆకాశంలో అలాగే కనిపించడం కొత్తగా మొదలుపెట్టినవారికి చాలా ఊరట. ఎం57 వలయ నీహారిక వంటి చిన్న వస్తువుల్లో వివరాలు చూడాలంటే మాత్రం టెలిస్కోపు తప్పదు. 10 రెట్ల వృద్ధిలో అది మామూలు తారలాగే కనిపిస్తుంది.

7×50, 10×50, 15×70 అనే అంకెల్లో దేనిని ఎంచుకోవాలి?

మొదటి అంకె వృద్ధి, రెండోది ముందు కటకం వ్యాసం మిల్లీమీటర్లలో. రెండో అంకెను మొదటి అంకెతో భాగిస్తే, కంటివైపు ఉండే కటకం అయిన ఐపీస్ నుంచి బయటికి వచ్చే కాంతి వలయం వ్యాసం వస్తుంది. దీన్నే ఎగ్జిట్ ప్యూపిల్ అంటారు. 7×50లో ఇది 7 మి.మీ. కాస్త పైన, 10×50లో 5 మి.మీ., 15×70లో 4.7 మి.మీ.

ఈ లెక్క ఎందుకంటే, ఆ కాంతి వలయం కంటిపాపకంటే పెద్దదైతే అంచుల్లోని కాంతి కంట్లోకి వెళ్లక వృథా అవుతుంది. యవ్వనంలో చీకట్లో 7 మి.మీ. దాకా విచ్చుకునే కంటిపాప, వయసు పైబడేకొద్దీ 5 మి.మీ. దగ్గరే ఆగిపోవడం మామూలు. ఇంకో కారణం కూడా ఉంది. ఎగ్జిట్ ప్యూపిల్ పెద్దదయ్యేకొద్దీ ఆకాశపు నేపథ్యం కూడా బూడిదగా వెలుగుతుంది. పట్టణ దీపాల కాంతి కొంత పడే చోట 7×50లో తెల్లబారినట్టుండే ఆకాశం 10×50లో నల్లగా మారి, నీహారికల అంచులు తేలతాయి. ఒక్కటే కొనాలనుకునేవారికి 10×50 అనే నా సలహా. చేతులు స్థిరంగా ఉండనివారు 8×42 తీసుకోవడం మేలు. 15×70 ముందు కటకం 50 మి.మీ. కటకానికి దాదాపు రెట్టింపు కాంతిని పోగుచేస్తుంది కానీ, అది కిలోకు పైగా బరువుండే పరికరం. దాన్ని స్టాండు లేకుండా వాడాలనుకోవడం వృథా ప్రయాస. వృద్ధిని మార్చుకునే జూమ్ బైనాక్యులర్‌లను ఈ పనికి అసలు తీసుకోవద్దు. వాటి దృశ్యక్షేత్రం ఇరుకు, రెండు గొట్టాల అమరిక కూడా త్వరగా చెడిపోతుంది.

కొనేముందు పరికరాన్ని ఎలా పరీక్షించాలి?

అన్నిటికంటే ముందు చూడాల్సింది రెండు గొట్టాలూ ఒకే దిక్కుకు గురిపెట్టి ఉన్నాయా అన్నది. రాత్రి ఒక ప్రకాశవంతమైన తారను చూస్తూ కళ్లను వదులుగా ఉంచాలి. తార రెండుగా కనిపించి, కళ్లు బలవంతంగా ఆ రెంటినీ కలపాల్సి వస్తుంటే అమరిక తప్పిందని అర్థం. పగటిపూట మెదడు ఈ తేడాను సర్దుకుపోతుంది. అందుకే దుకాణంలో బాగున్నట్టు తోచిన పరికరం రాత్రి పది నిమిషాల్లోనే తలనొప్పి తెప్పిస్తుంది.

తర్వాత బైనాక్యులర్‌ను చేతులు చాచి దూరంగా పట్టుకుని, వెలుతురు వైపు తిప్పి ఐపీస్‌లోకి చూడాలి. అక్కడ కనిపించే చిన్న కాంతి వలయం గుండ్రంగా ఉండాలి. అంచులు కత్తిరించినట్టు పలకలుగా ఉంటే లోపలి పట్టకాలు నాసిరకం గాజుతో చేసినవో, చిన్నవో అయి ఉంటాయి. బాక్-4 అనే గాజుతో చేసిన పట్టకాల్లో ఈ లోపం సాధారణంగా ఉండదు. కటకాలన్నిటికీ పలు పొరల పూత ఉంటే కాంతి నష్టం తగ్గుతుంది.

నాకు కళ్లద్దాలు ఉన్నాయి. తీసి చూడాలా, పెట్టుకుని చూడాలా?

హ్రస్వదృష్టి లేదా దూరదృష్టి మాత్రమే ఉంటే తీసి చూడవచ్చు, ఫోకస్ చక్రం ఆ తేడాను సరిదిద్దుతుంది. అస్టిగ్మాటిజం ఉన్నవారికి ఇది కుదరదు. తీసేస్తే తారలు గీతల్లా సాగుతాయి. అలాంటివారు ఐ రిలీఫ్, అంటే క్షేత్రం మొత్తం కనిపించేలా ఐపీస్‌కూ కంటికీ మధ్య ఉండగలిగే దూరం, కనీసం 15 మి.మీ. ఉన్న బైనాక్యులర్‌ను ఎంచుకుని, ఐపీస్ రబ్బరు కప్పులను లోపలికి మడిచి కళ్లద్దాలతోనే చూడాలి.

ఫోకస్ ఎంత సరిచేసినా ఒక కంటిలో తారలు మసకగానే ఉంటున్నాయి. ఎందుకు?

రెండు కళ్ల పవరు వేరు కావడమే కారణం. చాలా బైనాక్యులర్‌లలో కుడి ఐపీస్ మీద విడిగా తిరిగే డయాప్టర్ వలయం ఉంటుంది. ముందుగా కుడి కటకానికి మూత పెట్టి, మధ్యలోని చక్రంతో ఎడమ కంటికి తారను సూదిమొనలా చేసుకోవాలి. తర్వాత ఎడమ కటకానికి మూత పెట్టి, మధ్య చక్రాన్ని ముట్టకుండా, డయాప్టర్ వలయంతో కుడి కంటికి సరిచేయాలి. ఒకసారి కుదిరిన అంకెను గుర్తుపెట్టుకుంటే చాలు. ఒక్కమాట: నీహారిక మీద ఫోకస్ కుదుర్చుకోవడం దాదాపు అసాధ్యం. ఎప్పుడూ పక్కనున్న తార మీదే సరిచేసుకుని తర్వాత నీహారిక వైపు తిప్పాలి.

ఎంత చీకటి ఉండాలి? వెన్నెల రాత్రుల్లో చూడవచ్చా?

ఈ విషయంలో పరికరం కంటే చోటు ముఖ్యం. దీపకాంతితో నిండిన ఆకాశం కింద 15×70 చూపలేని గెలాక్సీని నిజమైన చీకటి కింద 8×42 చూపుతుంది. నక్షత్ర గుచ్ఛాలు కొంత కాంతిని తట్టుకుంటాయి, ఎందుకంటే వాటిలోని ప్రతి తారా ఒక బిందువు. నీహారికలూ గెలాక్సీలూ పరచుకున్న వెలుగు కాబట్టి, ఆకాశం కొంచెం తెల్లబడినా అందులో కలిసిపోతాయి. కొత్త ప్రదేశానికి వెళ్లినప్పుడు పాలపుంత ఉత్త కంటికి కనిపిస్తుందా, అందులోని నల్లటి చీలికలు తెలుస్తున్నాయా అని చూస్తే ఆ రాత్రి ఏం ఆశించవచ్చో అంచనాకు వస్తుంది.

అమావాస్యకు అటూ ఇటూ వారం రోజులు అనుకూలం. చంద్రుడు అస్తమించాక లేదా ఉదయించకముందు మిగిలే గంటలు కూడా పనికొస్తాయి. పూర్ణిమ దగ్గర పడితే గుచ్ఛాలతోనే తృప్తి పడాలి.

బయటికి రాగానే ఏమీ కనిపించదు. ఎంతసేపు ఆగాలి?

కనీసం 20 నుంచి 30 నిమిషాలు. కంటిపాప కొద్ది సేపట్లోనే విచ్చుకుంటుంది కానీ, రెటీనాలోని రాడ్ కణాల్లో రోడాప్సిన్ అనే వర్ణకం తిరిగి పోగుపడటానికి అంత సమయం పడుతుంది. ఒక్కసారి ఫోన్ తెర వెలిగిస్తే ఆ పోగు కరిగిపోయి మళ్లీ మొదటికి వస్తుంది. పటం చూసుకోవడానికి మసక ఎర్రకాంతి వాడాలి, ఎందుకంటే రాడ్ కణాలు ఎరుపుకు చాలా తక్కువగా స్పందిస్తాయి. ఎర్రకాంతి అయినా ఎక్కువైతే చెరుపే.

‘ఓరచూపుతో చూడండి’ అంటారు. అంటే ఏమిటి? ఎలా అలవాటు చేసుకోవాలి?

మసక వస్తువులు చూడటంలో ఇంతకు మించిన నేర్పు లేదు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. మనం దేన్నైనా సూటిగా చూసినప్పుడు దాని బింబం రెటీనా నడిమధ్య పడుతుంది. అక్కడ రంగులను, సూక్ష్మ వివరాలను పట్టే కోన్ కణాలే ఉంటాయి. మసక వెలుగును పట్టే రాడ్ కణాలు ఆ మధ్యలో ఉండవు, చుట్టూ ఉంటాయి. అందుకే ఒక నీహారికను వెతికి పట్టుకుని దానివైపే సూటిగా చూడగానే అది మాయమైనట్టు అనిపిస్తుంది.

చేయాల్సింది ఇది. వస్తువును దృశ్యక్షేత్రం మధ్యలోనే ఉంచి, బైనాక్యులర్‌ను కదపకుండా చూపును మాత్రం క్షేత్రపు అంచు వైపు మళ్లించాలి. ధ్యాస మధ్యలో, చూపు పక్కన ఉండాలి. మొదట్లో కళ్లు వాటంతట అవే మధ్యకు పరుగెత్తుతాయి. ఓపికగా మళ్లీ పక్కకు తీసుకురావాలి. కొంత సేపటికి మధ్యలోని మరక ఉబ్బినట్టు పెద్దదవుతుంది, దాని అంచులు ఇంకా దూరం సాగుతాయి. ఒక కంటితో చూసేటప్పుడు వస్తువు ఆ కంటి అంధబిందువు మీద పడే ప్రమాదం ఉంటుంది. రెండు కళ్లతో చూస్తున్నప్పుడు ఒక కన్ను కోల్పోయినదాన్ని రెండోది పట్టుకుంటుంది కాబట్టి ఆ బెడద లేదు. ఇంకో చిట్కా కూడా ఉంది. వస్తువు ఉన్నదా లేదా అన్న సందేహం వస్తే బైనాక్యులర్‌ను వేలితో మెల్లగా తట్టాలి. నిశ్చలంగా ఉన్న మసక మరక కంటే కదిలే మరకను కన్ను త్వరగా గుర్తిస్తుంది.

ఊపిరి బిగపట్టి చూసే అలవాటు చాలామందికి ఉంటుంది. దానివల్ల నష్టమే. రాడ్ కణాలకు ఆక్సిజన్ బాగా కావాలి కాబట్టి నిదానంగా ఊపిరి తీసుకుంటూ చూడాలి.

చేతులు వణికి తారలు గీతల్లా కనిపిస్తున్నాయి. ఏం చేయాలి?

వాలుకుర్చీలో వెనక్కి వాలి, మోచేతులను కుర్చీ చేతుల మీద ఆనించి చూస్తే వణుకు చాలావరకు తగ్గుతుంది. మెడనొప్పి కూడా ఉండదు. బైనాక్యులర్‌ను ఐపీస్‌ల దగ్గర కాకుండా, ముందు కటకాల వైపుగా గొట్టాలను పట్టుకుంటే బరువు సమతూకంగా ఉంటుంది.

ట్రైపాడ్ మీద బిగిస్తే కలిగే తేడాను ఒకసారి చూసినవారు మళ్లీ వదలరు. చేతిలో పట్టుకున్నప్పుడు కనిపించని మసక తారలు నిలిచిన బైనాక్యులర్‌లో ఒక్కొక్కటిగా తేలతాయి. చాలా బైనాక్యులర్‌లకు మధ్య కీలు ముందుభాగంలో, మూత కింద, మర దిగే రంధ్రం ఉంటుంది. దానికి ఎల్ ఆకారపు అడాప్టర్ బిగించి ట్రైపాడ్‌కు తగిలించవచ్చు. నడినెత్తిన ఉన్న వస్తువులకు మాత్రం ట్రైపాడ్ ఇబ్బంది పెడుతుంది. అక్కడ వాలుకుర్చీయే మేలు.

మొట్టమొదట ఏవి చూడాలి?

డిసెంబరు నుంచి మార్చి దాకా సాయంత్రపు ఆకాశం మొదలుపెట్టడానికి అన్నిటికంటే దయగలది. వృషభంలో రోహిణి తార చుట్టూ ఉన్న వి ఆకారపు హయడీస్ గుచ్ఛంతో ఆరంభించవచ్చు. ఇది సుమారు 150 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. రోహిణి ఆ గుచ్ఛానికి చెందినది కాదు, 65 కాంతి సంవత్సరాల దూరంలో మనవైపు అడ్డుగా నిలిచి ఉంది. పక్కనే కృత్తికలు. వాటి తర్వాత ఓరియన్ నడుముపట్టీ నుంచి వేలాడే కత్తి మధ్యలోని ఎం42 నీహారిక. సుమారు 1,300 కాంతి సంవత్సరాల దూరంలో తారలు పుడుతున్న ఈ వాయుమేఘం రెక్కలు విప్పినట్టుగా 10×50లోనే తెలుస్తుంది. దాని గుండెలో ఉన్న ట్రపీజియం తారలను నాలుగుగా విడదీయడం ఈ వృద్ధిలో కష్టం.

సిరియస్‌ తారకు 4 డిగ్రీల దక్షిణాన ఎం41 గుచ్ఛం ఉంటుంది. రెండూ ఒకే క్షేత్రంలో పడతాయి. మిథునం పాదాల దగ్గర ఎం35, కర్కాటకంలో ఎం44 గుచ్ఛాలను చూడాలి. ఎం44 ఉత్త కంటికి పొగమచ్చలా తోస్తుంది. గెలీలియో అందులో 40కి పైగా తారలున్నాయని 1610లో రాశాడు. ఆయన వాడిన ఇరుకైన గొట్టం కంటే నేటి సాధారణ బైనాక్యులర్ దాన్ని చాలా మెరుగ్గా చూపుతుంది.

ఆండ్రోమెడా గెలాక్సీని ఎలా వెతకాలి?

ఉత్తరార్ధగోళంలో అక్టోబరు నుంచి జనవరి దాకా రాత్రి తొలి జాముల్లో వెతకడం తేలిక. పెగాసస్ పెద్ద చతురస్రం మూలలోని అల్ఫెరాట్జ్ తార నుంచి ఈశాన్యంగా సాగే వరుసలో మిరాక్ అనే ఎర్రటి తారను పట్టుకోవాలి. మిరాక్ నుంచి వాయవ్యంగా 4 డిగ్రీల దూరంలో మ్యూ ఆండ్రోమెడే అనే తక్కువ కాంతి తార ఉంటుంది. ఈ రెండూ ఒకే క్షేత్రంలో పడతాయి. మ్యూ నుంచి అదే దిశలో మళ్లీ అంతే దూరం జరిపితే ఎం31 మధ్యలోకి వస్తుంది.

మొదట కనిపించేది గుండ్రని వెలుగు ముద్ద ఒక్కటే. అది గెలాక్సీ నడిబొడ్డు. ఓరచూపుతో నిదానించి చూస్తే దానికి రెండు వైపులా సన్నగా సాగిన వెలుగు తెలుస్తుంది. మంచి చీకటిలో అది 3 డిగ్రీల దాకా, అంటే క్షేత్రంలో సగం మేర విస్తరిస్తుంది. నడిబొడ్డుకు దగ్గరగా కాస్త ఉబ్బిన తారలా ఉండేది ఎం32, ఎదుటివైపు కొంచెం దూరంగా పలచని మరకలా ఉండేది ఎం110. ఇవి రెండూ ఎం31కు తోడున్న చిన్న గెలాక్సీలు. ఎం110 కనిపించిన రాత్రి ఆకాశం బాగున్నట్టే. ఆ వెలుగు బయల్దేరి సుమారు 25 లక్షల సంవత్సరాలైంది.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా చూడదగినవి ఏవి?

వృశ్చికం తోక నుంచి ధనుస్సు మీదుగా పాలపుంత వెంట బైనాక్యులర్‌ను మెల్లగా పైకి నడిపించడమే ఒక రాత్రికి సరిపడే పని. తోక కొస దగ్గర ఎం7 గుచ్ఛం, దాని పైన ఎం6 గుచ్ఛం. ఈ రెండూ ఒకే క్షేత్రంలో ఇముడుతాయి. ఎం7ను ప్రాచీన ఖగోళవేత్త టాలెమీ సా.శ. 2వ శతాబ్దంలోనే ప్రస్తావించాడు. అక్కడి నుంచి ఉత్తరానికి వెళితే ఎం8 నీహారిక, తర్వాత ఎం24 అనే నక్షత్ర మేఘం. ఎం24 ఒక గుచ్ఛం కాదు. అడ్డొచ్చే ధూళిలో పడిన సందు గుండా పాలపుంత లోతుల్లోని తారలు మనకు కనిపిస్తున్న చోటు. నా దృష్టిలో బైనాక్యులర్‌కు ఇంతకు మించిన దృశ్యం ఆకాశంలో లేదు.

దక్షిణార్ధగోళంలో ఇదే భాగం నడినెత్తిన ఉంటుంది. అక్కడివారికి పాలపుంతకు తోడున్న చిన్న గెలాక్సీలైన పెద్ద, చిన్న మెజెల్లనిక్ మేఘాలు అదనం.

గోళాకార గుచ్ఛాల్లో తారలు విడివిడిగా కనిపిస్తాయా?

సాధారణంగా కనిపించవు. తారలు బంతిలా ఒత్తుగా గుమిగూడిన గుచ్ఛాలివి. హెర్క్యులిస్‌లోని ఎం13, ధనుస్సులోని ఎం22 మధ్యలో ఒత్తుగా, అంచుల్లో పలచబడే గుండ్రటి మరకల్లా ఉంటాయి. జ్యేష్ఠ తారకు పశ్చిమంగా 1.3 డిగ్రీల దూరంలోని ఎం4 మరింత పలచన. వీటిలో రాణి ఒమేగా సెంటారీ. 1677లో ఎడ్మండ్ హేలీ గుర్తించిన ఈ గుచ్ఛాన్ని ఉత్తర అక్షాంశం 30 డిగ్రీలకు దక్షిణంగా ఉన్నవారు మే నెల రాత్రుల్లో దక్షిణ దిక్కున చూడవచ్చు.

ఎం33 గెలాక్సీ మాగ్నిట్యూడ్ 5.7 అని ఉంది. అంత ప్రకాశం ఉన్నా నాకెందుకు కనిపించడం లేదు?

పట్టికలోని మాగ్నిట్యూడ్ వస్తువు మొత్తం కాంతిని ఒక్క బిందువులో కుదిస్తే ఎంత ఉంటుందో చెబుతుంది. ఎం33 కాంతి పూర్ణచంద్రుడి కంటే పెద్ద వైశాల్యంలో పరచుకుని ఉంది. ఒక చెంచాడు నెయ్యిని పెద్ద పళ్లెమంతా పూసినట్టు, ఏ ఒక్క చోటా కంటికి ఆనేంత వెలుగు మిగలదు. కాబట్టి మాగ్నిట్యూడ్‌తో పాటు పరిమాణం కూడా చూసుకోవాలి. ఎం81 గెలాక్సీ మాగ్నిట్యూడ్ 6.9 అయినా చిన్న వైశాల్యంలో కుదించుకుని ఉండటం వల్ల ఎం33 కంటే తేలికగా దొరుకుతుంది. 1783లో కారొలిన్ హెర్షెల్ కనుగొన్న ఎన్‌జీసీ 253 అనే గెలాక్సీ కూడా అలాంటిదే. ఎం33 కోసం వృద్ధి పెంచడం వల్ల లాభం లేదు. వెడల్పైన క్షేత్రం, మంచి చీకటి కావాలి.

రంగులు ఎందుకు కనిపించవు?

మసక వెలుగును పట్టే రాడ్ కణాలు రంగును గుర్తించలేవు. తారల రంగులు మాత్రం బాగా తెలుస్తాయి. ఫోకస్‌ను కొంచెం చెదరగొడితే జ్యేష్ఠ, ఆర్ద్ర తారల ఎరుపు ఇంకా స్పష్టమవుతుంది.

ఫిల్టర్లు ఉపయోగపడతాయా?

నీహారికల కాంతిని వదిలి, మిగతా కాంతిని చాలావరకు అడ్డుకునే యూహెచ్‌సీ రకం ఫిల్టర్లు ఎం8, ఉత్తర అమెరికా నీహారిక వంటి వెలుగు విరజిమ్మే వాయుమేఘాలకు పనికొస్తాయి. ఐపీస్‌కూ కంటికీ మధ్య చేత్తో పట్టుకుని చూసినా తేడా తెలుస్తుంది. గుచ్ఛాలు, గెలాక్సీల విషయంలో అవి ఉన్న కాంతిని కూడా తగ్గిస్తాయి.

చూసినవాటిని రాసి పెట్టుకోవడం అవసరమా?

అవసరమనే చెబుతాను. తేదీ, సమయం, ఆకాశం ఎలా ఉంది, పరికరం ఏది, మరక ఏ వైపుకు సాగి ఉంది అన్నవి రెండు వరుసలు రాసినా చాలు. పెన్సిల్‌తో ఒక వలయం గీసి అందులో తారల చుక్కలు పెట్టడం మొదలుపెడితే, అంతవరకు కంటికి తట్టని తారలు కనిపించడం మొదలవుతుంది, ఎందుకంటే గీయడానికి ప్రతి మూలా వెతకాల్సి వస్తుంది.

సూర్యుడు ఆకాశంలో ఉన్నప్పుడు బైనాక్యులర్ వాడవచ్చా?

సూర్యుడి వైపు పొరపాటున కూడా తిప్పకూడదు. ఒక్క క్షణంలో చూపు శాశ్వతంగా పోతుంది. తెల్లవారుజామున పరిశీలించేవారు సూర్యోదయానికి ముందే పరికరాన్ని సర్దేయాలి.

కటకాల మీద మంచు పడితే తుడవవచ్చా?

తుడవకూడదు. తడితో కలిసిన దుమ్ము రేణువులు పూత మీద గీతలు పెడతాయి. ముందు కటకాలకు నల్ల కాగితంతో పొడవైన గొట్టాలు చుట్టి ఉంచితే మంచు పట్టడం ఆలస్యమవుతుంది. ఐపీస్‌లు ఊపిరి ఆవిరికే మసకబారతాయి కాబట్టి, చూడని సమయంలో వాటిని కోటు లోపల ఉంచుకోవచ్చు. ఇంటికి వచ్చాక మూతలు తీసి, గది వేడికి తడి పూర్తిగా ఆరనిచ్చాకే సంచిలో పెట్టాలి. తడిగా మూసి పెడితే లోపలి పట్టకాలకు బూజు పడుతుంది.